ఎవరి దిక్కు నుంచి వచ్చింది

కామారెడ్డి,
ఆగస్టు 1995

ప్రియమైన మరియకు,

తాహేరా రాస్తున్నాను. పోయిన రంజాన్‌కు ముందు కామారెడ్డి బస్టాండులో కలిసినప్పుడు నీ హాస్టలు అడ్రసు రాసిచ్చావు. ఉత్తరం రాస్తానని మాటిచ్చి ఇన్నాళ్లూ రాయలేదు. తీరిక లేక కాదు. కూర్చుంటే ఏం రాయాలో తోచేది కాదు. ఎల్లారెడ్డి బడిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు తెలుగు వ్యాసం నీకంటే ముందు నేనే ముగించేదాన్ని. ఇప్పుడు నాలుగు వరుసలకే అలసట వస్తోంది.

మా సిరాజ్‌కు మూడేళ్లు నిండాయి. ఆ రోజు నా భుజం మీద నిద్రపోతున్నాడు కాబట్టి నీకు తెలియలేదు. వాడు నడవడు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతాడు. పుట్టిన కొద్ది వారాలకే తల పెరగడం మొదలైంది. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చూపిస్తే తలలో నీరు చేరిందన్నారు. ఆ నీరు దిగడానికి చర్మం కింది నుంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. తల పెరగడం ఆగింది. నడక రాలేదు, మాట రాలేదు. నా గొంతు వినగానే మాత్రం నవ్వుతాడు.

మా ఆయన మొయినుద్దీన్‌కు స్టేషను దగ్గర సైకిల్ రిపేరు దుకాణం. ఇంటికి రాగానే పిల్లవాణ్ని ఎత్తుకుంటాడు, ఎక్కువ మాట్లాడడు. మాటలన్నీ మా అత్త నూరున్నీసావే. "గ్రహణం నాడు కత్తి పట్టినవ్, నా మనవడు గిట్లయిండు" అంటుంది. నేను పట్టలేదని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం లేదు. ఒక్కోసారి పట్టానేమో అని నాకే అనుమానం వస్తోంది.

బస్టాండులో నువ్వొక మాటన్నావు. మెదడులో ఒక కణం పక్క కణాన్ని పట్టుకుని ఉండటానికి ఒక పదార్థం ఉంటుందని, మనిషి ఒంట్లో ఉండే ఆ పదార్థాన్నే మీ ల్యాబులో తయారు చేస్తున్నారని. ఇంకా అడుగుదామంటే నీ బస్సు వచ్చేసింది. వీడికి స్నానం చేయించేటప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తోంది. అది మా వాడికి పనికొస్తుందా? ఉన్నదున్నట్టు రాయి.

నీ తాహేరా


హైదరాబాద్,
సెప్టెంబరు 1995

తాహేరా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ రోజు నీ భుజం మీది పిల్లవాడి తల తడిమి "మంచి నిద్రలో ఉన్నాడు" అన్నాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు.

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మెదడు తయారయ్యేది తల్లి కడుపులో. ఒక్కో నరాల కణం నుంచి ఒక దారం బయలుదేరి, తాను చేరాల్సిన చోటు దాకా పాకుతూ పోతుంది. చిక్కుడు తీగ పందిరిని తడుముకుంటూ పోయినట్టే. ఊరికే పోలేదు, దారిలో పక్క కణాలను పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చేది ఒక ప్రొటీను. దాన్ని ఎలా తయారు చేయాలో మన ఒంట్లోని ఒక జన్యువులో రాసి ఉంటుంది. ఆ జన్యువుకు నకలు తీసి, గాజు పళ్లెంలో పెరిగే వేరే కణాల్లోకి ఎక్కిస్తాం. అవి ఆ ప్రొటీనును తయారు చేస్తాయి, మేం వడగట్టి తీసుకుంటాం. ఎవరి ఒంట్లోంచీ కోసి తీసింది కాదు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి నా రెండేళ్లు పోయాయి. కణాలు బాగా పెరుగుతున్నాయని మురిసేలోపు బూజు పట్టి చస్తాయి. పళ్లాలు కడిగి మళ్లీ మొదలుపెడతాను. ఇక లాభం లేదని మా సార్ విదేశీ కంపెనీ తయారు చేసిన ప్రొటీనునే ఒక సీసా తెప్పించారు. చిటికెన వేలంత సీసా. దాని మీద "పరిశోధనశాలలో వాడకానికి మాత్రమే, మనుషులకు ఇవ్వరాదు" అని ఉంటుంది. అది మందు కాదు తాహేరా. నీకు ఆశ పుట్టేలా ఆ రోజు మాట్లాడి ఉంటే అది నా తొందరపాటు.

ఒకటి అడుగుతాను, ఎందుకని అడగకు. సిరాజ్ బొటనవేళ్లు ఎలా ఉంటాయి? మీ అమ్మీ వైపు మగపిల్లలెవరైనా ఇలా పుట్టారా?

మరియ


కామారెడ్డి,
అక్టోబరు 1995

మరియా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని సిరాజ్ పక్కన కూర్చున్నాను. వాడి రెండు బొటనవేళ్లూ అరచేతిలోకి ముడుచుకుని ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. నేను తీసి చాపితే చాచుకుంటాయి, వదిలితే మళ్లీ లోపలికి పోతాయి. ఇన్ని ఆసుపత్రులు తిరిగాం, వేళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. వాణ్ని చేతుల్లోకైనా తీసుకోని నీకెలా తెలిసింది?

పోయిన వారం మా అమ్మీ ఎల్లారెడ్డి నుంచి వచ్చింది. నువ్వడిగిందే అడిగాను. నాకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారని తెలుసు కానీ ఎలా పోయారో ఎప్పుడూ అడగలేదు. "తల పెద్దగ ఉండెనా అమ్మీ?" అన్నాను. అమ్మీ బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది. "ఇప్పుడవన్ని ఎందుకు" అని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. రెండు రోజులుంటానని వచ్చిన మనిషి ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

మా ఆయనకు నీ సీసా సంగతి చెప్పాను. మందు కాదని నువ్వు రాశావని కూడా చెప్పాను. ఆయన ఆ రెండో మాట విన్నట్టు లేడు.

ఎందుకని అడగకు అన్నావు. అడుగుతున్నాను. ఏదో దాస్తున్నావు.

తాహేరా


హైదరాబాద్,
నవంబరు 1995

తాహేరా,

పోయిన సోమవారం మీ ఆయన ఇక్కడికి వచ్చాడు. నీకు చెప్పి వచ్చాడో లేదో తెలియదు. గేటు దగ్గర ఎవరో నా కోసం ఉన్నారంటే వెళ్లాను. చేతిలో ఐస్ నింపిన ఫ్లాస్కు. చల్లగా ఉంచాలేమోనని దారిలో ఎవరో చెప్పారట.

"ఇవ్వు చెల్లె. ఎవ్వరికి చెప్పను. మా దగ్గర కంపౌండరున్నడు, సూది వేస్తడు" అన్నాడు.

వద్దని గేటు దగ్గరే చెప్పి పంపిస్తే నమ్మడనిపించింది. సార్‌ను అడిగి లోపలికి తీసుకెళ్లాను. సీసా చేతికిచ్చాను. వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"దీంట్ల ఏం లేదు గద?"

"ఉంది భాయ్. కంటికి కనపడేంత కాదు."

"కొంచెమే ఉంటే కొంచెమే బాగయితడు. గదే చాలు."

కడుపులో ఉండగానే పరుచుకోవాల్సిన దారాలు అవి, గోడ లేచిన తర్వాత పునాదిలో సున్నం పోసినా పట్టదని చెప్పాను. ఇది ఒంట్లోకి ఎక్కిస్తే పిల్లవాడికి హాని జరగొచ్చని కూడా చెప్పాను. ఆయన సీసాను జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. బయటికి వచ్చాక ఐస్ నీళ్లు చెట్టు మొదట్లో ఒంపి, అప్పుడు అడిగాడు. "ఇది ఎవరి దిక్కుకెళ్ళి వస్తది? నా దిక్కా, తాహేరా దిక్కా?" తెలియదన్నాను. ఫ్లాస్కు మూత బిగించి వెళ్లిపోయాడు.

నాకు తెలుసు. ఆయనకు చెప్పనిది నీకు చెప్పకుండా ఉండలేను. నేను తయారు చేయాలనుకుంటున్న ప్రొటీను జన్యువులో తప్పు దొర్లితే మగపిల్లలకు ఇలాగే అవుతుంది. తలలో నీరు, ముడుచుకున్న బొటనవేళ్లు, బిగుసుకున్న కాళ్లు. ఇది బయటపడి మూడేళ్లే అయింది. రక్తం పంపి చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేను కానీ, నీ అన్నల సంగతి విన్నాక నాకు పెద్దగా అనుమానం లేదు. ఇది తల్లి ద్వారా వస్తుంది. తల్లికి ఏమీ కాదు. పుట్టే ప్రతి మగపిల్లవాడికీ రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. ఆడపిల్లలు బాగానే ఉంటారు, వాళ్లలో సగం మంది మాత్రం తల్లిలాగే మోస్తారు. గ్రహణం కాదు, కత్తి కాదు. నీ తప్పూ కాదు, మీ అమ్మీ తప్పూ కాదు.

ఎవరికి చెప్పుకుంటావో, చెప్పకుండా ఉంటావో నీ ఇష్టం.

మరియ


ఎల్లారెడ్డి,
డిసెంబరు 1995

మరియా,

నాకు నాలుగో నెల దాటింది. పోయిన ఉత్తరం రాసేనాటికే తెలుసు. నీకు రాయలేదు.

సగం అవకాశం అని రాశావు. నువ్వు రాసిన ఉత్తరమంతటిలో నాకు అదొక్కటే కనిపిస్తోంది. మా ఆయనతో నీకు తెలియదన్నావు, నాకు మాత్రం తెలుసని రాశావు. దయ చూపించాననుకున్నావా? ఇప్పుడు నాకు గ్రహణమే నయమనిపిస్తోంది. గ్రహణం నా ఒంట్లో ఉండదు.

సిరాజ్‌ను ఎత్తుకుని అమ్మీ దగ్గరికి వచ్చేశాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మీ సిరాజ్ ముడుచుకున్న బొటనవేలు తీసి చూసింది. తర్వాత అంది: "మా తమ్ముడు గిట్లనే పోయిండు. నా ఇద్దరు కొడుకులు గిట్లనే పోయిన్రు. మన దిక్కు మగపిల్లలు నిలువరని మా అమ్మ నా పెండ్లప్పుడే నా చెవుల చెప్పింది. నీ పెండ్లప్పుడు నేను చెప్పలే. చెప్తే నువ్వు చేసుకుంటుంటివా?"

నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. మీ గాజు పళ్లాలకు ముందే మా ఇంటి ఆడవాళ్లకు తెలుసు.

కొన్నాళ్లు రాయకు.

తాహేరా


హైదరాబాద్,
జనవరి 1996

తాహేరా,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి రాసి ఊరుకుంటాను.

నిజామాబాద్‌లో స్కానింగు ఉంది. ఆరో నెల దాటాక తల సైజు చూసి కొంత చెబుతారు, అంతా చెప్పలేరు. చేయించుకోమని బలవంతం చేయను.

ఇక్కడ కొత్తగా ఏమీ లేదు. మళ్లీ పళ్లాలు కడిగాను. మా అమ్మ శాంతవ్వ బీడీలు చుట్టీ చుట్టీ నడుము పట్టేసిందని లింగంపేట నుంచి కబురు పంపింది. "ఇంకెన్నేండ్లు సదువుతవ్ బిడ్డా" అని అడిగిందట. నాకూ తెలియదు.

మరియ


కామారెడ్డి,
మార్చి 1996

ప్రియమైన మరియకు,

కోపం తగ్గిందని చెప్పను. కోపంగా ఉండే ఓపిక అయిపోయింది. నీకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు.

సంక్రాంతి సెలవులప్పుడు మా ఆయన ఎల్లారెడ్డి వచ్చినప్పుడు చెప్పేశాను. దాచి ఉంచితే అమ్మీలా అవుతాననిపించింది. "అది నా దిక్కుకెళ్ళే వచ్చింది" అన్నాను. ముందు పళ్లెం ఉంది, అన్నం వడ్డించి ఉంది. ముట్టుకోలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత రాలేదు. ఒక శుక్రవారం పోయింది, ఇంకొకటి పోయింది. దోమకొండలో ఆయనకు మరో పిల్లను చూస్తున్నారని మా వాడకట్టులో ఎవరో అన్నారు. అమ్మీ ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. సిరాజ్‌కు తినిపించడం, తుడవడం, మళ్లీ తినిపించడం.

తర్వాత ఒక రోజు మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"అమ్మకు చెప్పిన."

"ఏమని?"

"నా దిక్కుకెళ్ళే వచ్చిందని. హైదరాబాద్‌ల డాక్టరమ్మ చెప్పిందని చెప్పిన."

నాకు అర్థం కాలేదు. "ఎందుకట్ల చెప్పినవ్?" అన్నాను.

"నీ దిక్కని చెప్తే నిన్ను బతికినన్ని రోజులు అంటది. నన్ను ఎన్ని రోజులు అంటది?" అన్నాడు. కూర్చుని నీళ్లు అడిగాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, ఏం చెప్పాలో ఆలోచించడానికి అన్ని రోజులు పట్టిందన్నాడు.

ఇద్దరం నిజామాబాద్ వెళ్లి స్కానింగు చేయించుకున్నాం. తల ఇప్పటికి బాగానే ఉందన్నారు. ఆ "ఇప్పటికి" అన్న మాటతోనే రోజులు గడుపుతున్నాం.

కామారెడ్డి వచ్చాక చూస్తే మా అత్త మారిపోయింది. గ్రహణం మాట ఎత్తడం లేదు. దోమకొండలో తన అన్నకు ఒక పిల్లవాడు పుట్టి ఆరు నెలలకే పోయాడట. "వాని తల గూడ పెద్దగనే ఉండె" అని ఆమే వచ్చి నాతో అంది. ఉండేదో లేదో. సిరాజ్‌కు స్నానం ఇప్పుడు ఆమే చేయిస్తోంది. మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంది, ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే తీసి రాస్తుంది. "నా దిక్కు పాపం నీకు తగిలింది నాయనా" అంటుంది. నేను వంటింట్లో నిలబడి వింటాను. వెళ్లి చెబుదామని ఒకసారి గడప దాకా వచ్చి వెనక్కి తిరిగాను.

నీ పేరు చెప్పాడు కదా, ఏదో ఒక రోజు ఆమె నిన్నే అడుగుతుంది. ఏం చెబుతావు?

నీ తాహేరా


హైదరాబాద్,
ఏప్రిల్ 1996

తాహేరా,

మీ ఆయన చెప్పినది జరగదు. ఈ జన్యువును తండ్రి కొడుక్కి ఇవ్వలేడు. పుస్తకం తెరిచిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ మాట ఇప్పుడు నా పేరు మీద నడుస్తోంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. మీ అత్త అడిగితే? నిజం చెబితే నీ మీద పడుతుంది. చెప్పకపోతే పెద్దావిడ లేని పాపం మోస్తుంది.

ఒక సంగతి చెప్పాలి. నా కణాలు బతికాయి, ప్రొటీను వచ్చింది. కొంచెమే. దాన్ని పళ్లెం అడుగున పూసి, కోడిపిల్ల పిండం నుంచి తీసిన నరాల కణాలను దాని మీద వదిలాను. మర్నాడు మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం నుంచీ పొడుగాటి దారాలు సాగి ఉన్నాయి. ప్రొటీను పూయని పళ్లెంలో కణాలు ముద్దలుగా పడి ఉన్నాయి. సార్‌ను పిలిచాను. ఆయన చూసి భుజం తట్టారు. విదేశాల్లో ఎవరో ఇదే పని మనకంటే ముందు అచ్చు వేయించారనీ, ఉన్నదాంతో థీసిస్ రాసేసుకోమనీ అన్నారు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. కుర్చీలోనే కాసేపు కునుకు తీశాను.

పరీక్షకని నువ్వు పంపిన సిరాజ్ రక్తాన్ని సార్ బయటి ల్యాబుకు పంపారు. జన్యువులో ఆ తప్పు ఉందని జవాబు వచ్చింది. మనకు తెలిసిందే. ఇక ముందు మీ ఇంట్లో ఎవరైనా తెలుసుకోవాలనుకుంటే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మేం చేయగలిగింది ఇప్పటికి ఇంతే.

జూన్‌లో అమ్మను చూడటానికి లింగంపేట వస్తున్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

మరియ


ఎల్లారెడ్డి,
మే 1996

మరియా,

పాప పుట్టింది. ఇద్దరం బాగున్నాం.

ఆడపిల్ల అని మంత్రసాని చెప్పగానే అమ్మీ గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. "ఆడపిల్ల. బతుకుతది" అంది. మా వాడకట్టులో ఆడపిల్ల పుట్టిందని అంత సంతోషపడ్డవాళ్లు ఇంకెవరూ ఉండరు. నేనూ సంతోషపడ్డాను. సాయంత్రానికి నీ మాటలు గుర్తొచ్చాయి. ఇది కూడా నాలాగా మోస్తూ ఉండొచ్చు. పాలు తాగి నిద్రపోతోంది, దానికేం తెలుసు.

దీనికి నేను చెబుతాను. పెళ్లి మాట రాకముందే, అర్థమయ్యే వయసు రాగానే చెబుతాను. తెలుసుకుని ఏం చేసుకోవాలన్నది దాని ఇష్టం. మా ఆయనతో అంటే "అప్పటికి మరియ మందు కూడ తయారు చేస్తది" అన్నాడు. ఇంకా ఆశ వదలలేదు. నేను వద్దనలేదు.

కాన్పుకు వచ్చేటప్పుడు సిరాజ్‌ను మా అత్త పంపలేదు. "రేపు పచ్చి బాలింతరాలివైతవ్, వాణ్ని ఎట్ల ఎత్తుతవ్? నా దగ్గర ఉండనీ" అంది. నాలుగేళ్లలో వాణ్ని విడిచి ఉండటం ఇదే మొదలు. వాడికి జ్వరమని నిన్న కబురు వచ్చింది. గొట్టం మూసుకుపోతే జ్వరం వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు, నాకు అదే భయం. మా ఆయన బాగానే ఉన్నాడంటాడు, ఆయన మాట నేను నమ్మను. నువ్వు లింగంపేట వస్తున్నానని రాశావు కదా. దారిలో కామారెడ్డిలో దిగి వాణ్ని చూసి, ఎలా ఉన్నాడో ఉన్నదున్నట్టు రాయవా?

తాహేరా


లింగంపేట,
జూన్ 1996

తాహేరా,

ముందు సిరాజ్ సంగతి. జ్వరం తగ్గింది. గొట్టానికి ఏమీ కాలేదు, మీ అత్త వాణ్ని తానే ఆసుపత్రికి ఎత్తుకుపోయి చూపించిందట. నేను వెళ్లేసరికి ఆమె ఒళ్లో ఉన్నాడు, జావ తాగుతున్నాడు. ఒంటి మీద పుండ్లు లేవు, బట్టలు పొడిగా ఉన్నాయి. నీ పేరు చెబితే తలుపు వైపు చూశాడు. నిన్ను వెతుకుతున్నాడు, అది దాచను.

మీ అత్త నాకు టీ ఇచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "ఆ డాక్టరమ్మవు నువ్వేనా?" అంది. డాక్టరును కాననీ, ల్యాబులో పని చేస్తాననీ చెప్పాను. పిల్లవాడి మూతి కొంగుతో తుడిచింది. ఇక అడుగుతుందని తెలిసి టీ కప్పు కింద పెట్టాను.

"నా కొడుకు చెప్పింది నిజమేనా బిడ్డా? మా దిక్కుకెళ్ళే వచ్చిందా?"

దారి పొడుగునా బస్సులో తయారు చేసుకున్న జవాబొకటి ఉంది. ఇది ఎవరూ చేసిన తప్పు కాదమ్మా, జన్యువు నకలు అయ్యేటప్పుడు దొర్లే పొరపాటు, ఎవరి ఇంట్లోనైనా జరగొచ్చు అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. చెప్పకు" అంది. "మొయిన్ చిన్నప్పటికెళ్ళి అబద్ధం చెప్తే చెవులు ఎర్రగయితయి. ఆ మాట చెప్పిననాడు గూడ అయినయి. నేను చూసిన. చూసి గూడ నమ్మిన. మా అన్న కొడుకు మీదికి తోసుకుని నమ్మిన."

ఆమె జావ గిన్నె పక్కకు జరిపింది.

"ఇప్పుడు నువ్వు వేరే దిక్కు అంటే నేను మళ్ళ కోడల్ని అంటా. అనొద్దనుకుంటా గని అంటా. నా నోరు నాకెరుక లేదా? మూడేండ్లు దాన్ని కాల్చుకు తిన్న. నా దిక్కే అనుకుంటే ఈ పోరగాణ్ని ఎత్తుకోబుద్ధయితది. గట్లనే ఉండనీ బిడ్డా."

నేను చెప్పలేదు తాహేరా. టీ తాగి కప్పు కడిగి పెట్టాను. నువ్వు ఆమెకు చెప్పాలనుకుంటే అది మీ ఇద్దరి సంగతి. గడప దాకా వచ్చి తిరిగిపోయానని రాశావు. గడపకు అటువైపు ఆమె కూడా అలాగే కూర్చుని ఉందని నీకు తెలియాలి, అందుకే ఈ ఉత్తరం.

నేను బయలుదేరుతుంటే సిరాజ్‌ను భుజానికెత్తుకుని వీధి మలుపు దాకా వచ్చింది. వాడు బరువయ్యాడు, ఆమెకు రొప్పు వస్తోంది. నాకివ్వమంటే ఇవ్వలేదు. పాపను ఎప్పుడు తెస్తావో కనుక్కొమ్మంది. వెంటనే సర్దుకుని, "తొందర లేదని రాయి. అక్కడ జర పండుకోమను దాన్ని. మస్తు అలిసింది" అంది.

మరియ